ఎర్రమట్టి దిబ్బల్లో వాక్ పెడదామనుకుంటున్నాం. మంచి జరుగుతుందా, చెడు చేసినవాళ్లమవుతామా?

మధురవాడ టీచర్:

నమస్కారమండీ. నేను విశాఖపట్నం మధురవాడలో హైస్కూల్ పిల్లలకు సోషల్ చెబుతాను. సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ వాళ్లు, పిల్లల తల్లిదండ్రులు కలిసి భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో "మన దిబ్బల్ని కాపాడుకుందాం" అని నడక పెడదామంటున్నారు. మనిషికి వంద రూపాయలు, టీషర్టు, మైకు, డ్రోన్ వీడియో, చివర్లో మొక్కలు నాటడం. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో దిబ్బల పేరు చేరిందని తెలిశాక ఎవరికీ ఉత్సాహం ఆగట్లేదు. వస్తామన్నవాళ్లు ఇప్పటికే మూడొందలు దాటారు.

నాకు ఒకటే టెన్షన్. అది ఇసుక. మూడొందల మంది తొక్కితే ఏమవుతుంది? అక్కడికి రెగ్యులర్‌గా వెళ్లేవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

ఎర్రనేల:

టీచర్ గారూ, ఈ ప్రశ్న అడిగినందుకే మీకు దండం పెట్టాలి. మాది భీమిలి. చిన్నప్పటి నుంచీ ఆ దిబ్బల్లో తిరుగుతూనే ఉన్నాను. నడక తప్పకుండా పెట్టండి, కానీ మీరు చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు.

దిబ్బల మధ్య నిలువుగా ఉండే ఆ ఇసుక గోడల దగ్గర ఒక్కసారి నిలబడి చూడండి. పైకి ఇటుక రంగులో గట్టిగా కనిపిస్తాయి. గట్టిగా ఉన్నది పై పెచ్చు మాత్రమే. ఎవరో పుల్లతో తన పేరు, పక్కన లవర్ పేరు గీసి పోతారు. గీసినచోట పెచ్చు ఊడిపోయి వెనక వదులు ఇసుక బయటపడుతుంది. వేలితో తాకితే జలజలా రాలుతుంది. తర్వాత వచ్చే వానకి నీళ్లు ఆ గీతనే దారి చేసుకుంటాయి. రెండు మూడు వానాకాలాలు గడిస్తే అక్కడ పేరుండదు, సన్నటి గాడి ఉంటుంది. గోడ ఎక్కినా ఇదే జరుగుతుంది. అంచు మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటే అంచుతో పాటు మనిషీ కిందికి రావచ్చు.

అంతా వేల ఏళ్ల నాటి ఇసుక. మంచు యుగంలో సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు తెచ్చి పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కింది. పైన లేత పసుపు, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కిందికి గోధుమ ఎరుపు, అడుగున మళ్లీ పసుపు. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా దొరికిన చోటు కాబట్టి, రాయి ముక్క కనబడితే పిల్లలు జేబులో వేసుకోకుండా ముందే చెప్పండి.

మొక్కల సంగతి. దయచేసి నాటొద్దు. ఇది ఖాళీగా పడున్న బీడు కాదు, మన దేశంలో ఇలాంటి తీరప్రాంతపు ఎర్ర ఇసుక ఇక్కడ కాక తమిళనాడులోనే ఉంది. గుంతలు తవ్వి, పైపులు లాగి నీళ్లు పోస్తే ఆ పొరల్ని మనమే చెరిపినట్టు. డ్రోన్ ఆలోచన కూడా మానుకోండి, పక్కనే నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ కళింగ స్థావరం ఉంది.

ఇంత చెప్పాక కూడా నడక పెట్టమనే అంటాను. ఎందుకంటే, భారత భూవైజ్ఞానిక సర్వే వాళ్లు 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. మంచిదే. కానీ అలాంటి స్థలాల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం మనకింకా లేదు. 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లును జనం అభిప్రాయాల కోసం బయటపెట్టారు, అది చట్టం దాకా రాలేదు. యునెస్కోది కూడా తాత్కాలిక జాబితానే. అంటే బోర్డు ఉంది గానీ దాని వెనక గట్టి కాపలా లేదు. 2024 జూలైలో జేసీబీలు పెట్టి అక్కడ నేల చదును చేస్తున్నారని గోల లేచింది గుర్తుందా? స్థానికులు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు ఊరుకోకుండా ఫిర్యాదులు చేశారు కాబట్టే ఆ విషయం బయటికొచ్చింది. రోజూ చూసే కళ్లు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఒక్కరోజు మూడొందల మంది వచ్చి వెళ్లిపోవడం కన్నా నెలనెలా ఇరవై మంది రావడం మేలు. దిబ్బల మధ్య వాననీళ్లు కోసిన కాలువల్లో, జనం ఇప్పటికే నడుస్తున్న కాలువ అడుగునే నడవండి, గోడకు దూరంగా. ఒకే చోట నిలబడి ప్రతిసారీ అదే ఫొటో తీయండి, తేదీతో సహా. ఆర్నెల్లకు మీ దగ్గర ఒక రికార్డు తయారవుతుంది. ఎక్కడైనా తవ్వకం, కొత్త కంచె, చెత్త కుప్ప కనిపిస్తే ఆ ఫొటోలతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ఫొటో, తేదీ ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం.

గాజువాక కుర్రాడు:

అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే గానీ ఇరవై మంది వెళ్తే ఏ నాయకుడు పట్టించుకుంటాడు? పేపర్లో ఫొటో పడాలంటే జనం ఉండాలి కదా.

ఎర్రనేల:

తమ్ముడూ, జనం ఉండాల్సిందే, కాదనను. ఆ జనాన్ని దిబ్బల మీదికి ఎందుకు తేవాలి? ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్న వాకర్ల కోసం బండ్లు ఆపేస్తారు. ఆదివారం అక్కడ ఎంతమంది ఉంటారో నీకు తెలుసు. అక్కడ ఫొటోలు కట్టండి, సంతకాలు తీసుకోండి, పిల్లల చేత మాట్లాడించండి. మూడొందలు కాదు, మూడు వేల మందిని పోగుచెయ్యండి. ఆ రోడ్డుకి ఏమీ కాదు.

తగరపువలస అక్క:

నేను మా తీరంలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూశాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్లో అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు కాపాడే హేచరీలు పెడతారు కదా. అక్కడ తాడు కడతారు, దాని ఇవతలే నిలబడాలి, ఫ్లాష్ కొట్టకూడదు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ముందే చెబితే మనవాళ్లు బాగానే వింటారు టీచర్ గారూ, చెప్పకపోతేనే ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు.

ఇంకో మాట. టిఫిన్లు సిటీ నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో తేకండి. ఆ వంద రూపాయలు టీషర్టుకి కాకుండా దిబ్బల పక్కనున్న నేరెళ్లవలస వాళ్ల చేతికి వెళ్లేలా చూడండి. ఊళ్లో ఎవరినైనా ముందే అడిగితే ఇడ్లీ వండి పెడతారు, విస్తరాకుల్లో తినొచ్చు. దారి చూపించడానికి కూడా ఆ ఊరి కుర్రాళ్లనే పెట్టుకోండి. మన నడక వల్ల వాళ్లకి నాలుగు డబ్బులు వస్తే, రేపు రాత్రిపూట ఇసుక తవ్వుకెళ్లడానికి ట్రాక్టర్ వచ్చినా ముందు ఫోన్ చేసేది వాళ్లే.

మధురవాడ టీచర్:

అందరికీ చాలా థాంక్సండీ. నిన్న సాయంత్రం మీటింగులో ఇదంతా చదివి వినిపించాను. టీషర్టులు, మైకు, మొక్కలు, డ్రోన్ అన్నీ తీసేశాం. పెద్ద కార్యక్రమం ఆర్కే బీచ్‌లోనే. దిబ్బలకి నెలకో బ్యాచ్, ఇరవై మంది. మొదటి బ్యాచ్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లలు, వాళ్లతో కొందరు తల్లిదండ్రులు. పొరల రంగులు పిల్లలు నోట్‌బుక్‌లో గీసుకుంటారు, గోడని ముట్టుకోకుండా.

ఎర్రనేల గారూ, ఫొటోలు ఎక్కణ్ణుంచి తియ్యాలో మొదటిసారి మీరు వచ్చి చూపిస్తారా?

ఎర్రనేల:

తప్పకుండా వస్తాను. తేదీ చెప్పండి. ఎండ ఎక్కకముందే, ఆరున్నరకల్లా బీచ్ రోడ్డు వైపు బోర్డు దగ్గరుంటాను. పిల్లల్ని చెప్పులు కాకుండా బూట్లతో రమ్మనండి, ఎవరి నీళ్ల సీసా వాళ్లే తెచ్చుకోవాలి.