గుడ్డి కొంగ నిజంగా గుడ్డిదా?

మొన్న ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు గట్టు మీద నడుస్తున్నాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించిన చెరువు అదే. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు. గుర్రపుడెక్క మీద మట్టిరంగు కొంగ ఒకటి నిలబడి ఉంది. నాలుగడుగుల దూరంలోకి వెళ్లినా కదల్లేదు. మా తాత అయితే "గుడ్డి కొంగ" అనేసేవాడు. కానీ దాని పచ్చటి కళ్లు నన్నే చూస్తున్నాయి! మరి ఆ పేరెందుకు? గుడ్డి దీపం, గుడ్డి వెలుతురు అంటాం కదా, ఆ 'మసక' అర్థమేనా? ఒంటి రంగు మసకే మరి.

— ఊహ బాగుంది గానీ నాకు కుదరడం లేదండీ. హిందీలో కూడా దీన్ని అంధా బగ్లా అంటారు. రెండు భాషలవాళ్లూ రంగును కాదు, చూపునే పట్టుకున్నారనిపిస్తోంది. మనిషి దగ్గరికొచ్చినా ఎగరదు కాబట్టి కళ్లు కనపడవనుకున్నారు. ఎండు తుంగలో, బురదలో కలిసిపోయే గోధుమ చారలున్నాయన్నదే దాని ధైర్యం. ఇక తప్పదనుకుని లేచిందంటే మాత్రం ఒక్కసారిగా తెల్లటి రెక్కలు! ఆ తెలుపు అప్పటిదాకా ఎక్కడ దాచిందో అనిపిస్తుంది. ఓసారి ఉలిక్కిపడి నేను బురదలో కాలేశాను. వానాకాలంలో, గూళ్లు కట్టే రోజుల్లో చూడండి: వీపు ముదురు మెరూన్, తల వెనక పొడుగాటి తెల్ల ఈకలు. అప్పుడు మీ 'మసక' అసలు నప్పదు.

— అయితే 'కొంగ జపం' కూడా దీన్ని చూసే పుట్టిందంటారా?

— ఒక్క దీన్నే అనలేం. కొంగ అంటూ మనం చాలా పిట్టల్ని కలిపేశాం. నత్తగుల్ల కొంగది అసలు వేరే కుటుంబం, నత్తల్ని పట్టడానికి దాని ముక్కు మధ్యలో సందు ఉంటుంది. జపానికి చిన్న తెల్లకొంగ పనికిరాదు: పసుపు పాదాలతో బురద కెలుకుతూ, చేపల వెంట పరుగులు పెడుతుంది. గేదెల వెంట తిరిగే కొంగకి మిడతల మీదే ధ్యాస. గంటలకొద్దీ కదలకుండా నిలబడే ఓపిక గుడ్డి కొంగది, లేదా దాని చుట్టం, బూడిదరంగు నారాయణ పక్షిది. దాని పేరులో కొంగ అన్న మాట లేదు గానీ, జపం చేసేదానికి అంతకన్నా మంచి పేరుందా?