అప్‌డేట్: మా పాపను చివరికి ఏ బడిలో వేశామంటే

పుట్టుకతో వినపడని మా ఏడేళ్ల పాపను మామూలు బడిలోనే ఉంచాలా, బధిరుల పాఠశాలకు పంపాలా అని పోయిన వేసవిలో అడిగాను కదా. బధిరుల పాఠశాలంటే హాస్టల్లో ఉండాలి, ఆ మాటెత్తితేనే అత్తమ్మ ఏడ్చేది. అందుకని అనంతపురంలో మామూలు బడిలోనే ఉంచాం. చెవి మిషన్ ఉందిగా, చాలనుకున్నాం. కానీ క్లాసులో అది టీచర్ గొంతుతో పాటు ఫ్యాన్ చప్పుడు, బెంచీల చప్పుడు కూడా పెంచుతుంది. టీచర్ బోర్డు వైపు తిరిగితే పెదాలూ కనపడవు. పాప పక్కపిల్ల నోటుబుక్కు చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకొచ్చేది, ఒక్క ముక్కకూ అర్థం తెలీదు. మేమేమో బాగా చదువుతోందని మురిసిపోయాం!

దసరా తర్వాత బధిరుల పాఠశాలకు మార్చాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యముంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడైనా, ప్రత్యేక పాఠశాలైనా మన ఇష్టం, చదువు ఉచితం. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ముందే ఉండటం కలిసొచ్చింది.

సంక్రాంతికి ఇంటికొచ్చి చేతులతో ఏదో పిల్లి కథ చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఇప్పుడు ఢిల్లీలోని భారతీయ సంకేత భాష కేంద్రం వాళ్ల నిఘంటువు వీడియోలు చూసి రోజుకు ఐదు సైగలు నేర్చుకుంటున్నాం. తెలుగు చదవడం ఇంకా నెమ్మదే, ఆ టెన్షన్ పోలేదు. అత్తమ్మకు మాత్రం ఒక్క సైగే వచ్చు: 'తిను'.