అప్‌డేట్: బెంగళూరు మారతహళ్లి అద్దె ఇంటి అడ్వాన్స్ చేతికొచ్చింది

ఇల్లు ఖాళీ చేసి రెండు నెలలైనా ఓనర్ లక్షన్నర అడ్వాన్స్ ఇవ్వట్లేదని, 11 నెలల అగ్రిమెంట్ రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదేమోనని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. ఆ భయం దండగ. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నారు లాయర్ గారు. డబ్బు బ్యాంకు నుంచే పంపాను కాబట్టి స్టేట్‌మెంటే సాక్ష్యం. దావాకి మూడేళ్ల గడువుందట.

మీరు చెప్పినట్టే లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపాం, 15 రోజుల టైమిచ్చి. డెలివరీ రసీదు మీద ఓనర్ సంతకం చూశాకే నాకు నిద్ర పట్టింది. పదకొండో రోజు ఆయన ఫోను: "ఏమయ్యా, సొంత మనిషిలా చూసుకుంటే నోటీసు పంపిస్తావా?" అన్నాళ్లూ ఫోనెత్తని మనిషి!

పెయింటింగ్‌కి నెల అద్దె 15,000 పట్టుకుంటామని అగ్రిమెంట్‌లోనే ఉంది, దానికి నోరెత్తలేదు. గోడకి మేకులు కొట్టారని ఇంకో ఎనిమిది వేలు అన్నారు. ఖాళీ చేసిన రోజు మా ఆవిడ తీసిన వీడియో పంపాను. మొత్తం నాలుగు మేకులు, అందులో రెండు మేం దిగకముందువే. దాంతో ఆ మాట వదిలేశారు.

నిన్న సాయంత్రం 1,35,000 అకౌంట్‌లో పడింది. వెనక తలుపు తాళంచెవి ఒకటి మా దగ్గరే ఉండిపోయింది, ఆదివారం వెళ్లి ఇచ్చి రావాలి.