ఆరో తరగతి నుంచి పాటలు, బొమ్మల క్లాసులా? ఫౌండేషనా? (అనంతపురం తల్లిదండ్రుల చర్చ)

క్లాక్‌టవర్_నాన్న:
మావాడు మన ఊర్లోనే ఒక క్రైస్తవ పాఠశాలలో ఏడో తరగతి. ఆ బడిలో ఎనిమిది దాకా ఉంది. మంగళ, గురువారాల్లో చివరి రెండేసి పీరియడ్లు ఎన్‌రిచ్‌మెంట్ క్లాసులంటూ పెడతారు. కీబోర్డు, బృందగానం, డ్రాయింగ్, చదరంగం, కూరగాయల తోట, ఈ ఏడాది కొత్తగా తోలుబొమ్మలు. పిల్లలు ఏదో ఒకటి ఎంచుకోవాలి. చిన్న తరగతులకైతే మంచిదే, కాదనను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు ఇవి తీసేసి ఐఐటీ ఫౌండేషన్ (ఐఐటీ ప్రవేశ పరీక్షకు ముందునుంచే ఇచ్చే కోచింగ్) పెట్టమని కొందరం అర్జీ ఇచ్చాం. శనివారం పేరెంట్స్ మీటింగు. మీ అభిప్రాయం చెప్పండి.

వేరుశనగ_రైతు:
ఫౌండేషనే. ఆలోచించేదేముంది.

ఆరో_తరగతి_అమ్మ:
అన్నా, మా పాప కూడా అదే బడి. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈలో అడిగేది ఇంటర్ రెండేళ్ళ సిలబస్. ఆరో తరగతి పిల్లకు భిన్నాలే సరిగా పట్టుబడలేదు, అప్పుడే ఫౌండేషన్ ఏంది? వారానికి నాలుగు పీరియడ్లు పోతే ఐఐటీ పోతుందా?

క్లాక్‌టవర్_నాన్న:
వారానికి నాలుగే అనిపిస్తుంది మేడం. మూడేళ్ళకు కూడండి, ఎన్నవుతాయో. మా వీధిలో కార్పొరేట్ బడికి పోయే పిల్లాడు సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వస్తాడు. మావాడు నాలుగున్నరకే వచ్చి తోటలో బెండకాయలు కాసినాయని చెప్తాడు. ఇంటర్‌లో ఇద్దరూ ఒకే పరీక్ష రాయాలి.

రామ్‌నగర్_వాసి:
మీరంతా అసలు విషయం వదిలేశారు. మా అమ్మాయి బృందగానంలో ఉంది. అక్కడ నేర్పేవన్నీ క్రైస్తవ కీర్తనలే. రాజ్యాంగం 28వ అధికరణ మూడో భాగం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరు పిల్లల్ని మత బోధనకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. నా సంతకం ఎవరూ అడగలేదు.

ఆరో_తరగతి_అమ్మ:
మీ పాపే ఎంచుకుంది కదా సార్. చదరంగం ఉంది, డ్రాయింగ్ ఉంది.

రామ్‌నగర్_వాసి:
పిల్ల ఎంచుకోవడం వేరు, తండ్రి సమ్మతి వేరు. సంతకం తీసుకున్నారా లేదా?

జీసస్‌నగర్_బ్రదర్:
మా బాధ మాకుంది. క్రైస్తవ బడి అని చేర్పించాం. మా అబ్బాయి తోలుబొమ్మల క్లాసులో హనుమంతుడి బొమ్మ చేసి ఇంటికి తెచ్చాడు. వాళ్ళ నానమ్మ రాత్రి అన్నం తినలేదు. బైబిల్ వాక్యం నేర్పాల్సిన చోట ఇదేమిటి? సిస్టర్‌ను అడిగితే ‘అది కళ, పూజ కాదు’ అన్నారు. నాకు సమాధానం కుదరలేదు.

చిత్రావతి:
ఒకే బడి. ఒకరికి క్రీస్తు ఎక్కువయ్యాడు, ఇంకొకరికి చాల్లేదు.

పాత_పీటీ_సార్:
రిటైరయ్యాను, పేరు అడగొద్దు. ఇద్దరికీ ఒక మాట. క్రైస్తవ కీర్తనలని చెప్పి పాటను తోసెయ్యకండి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసిన కీర్తనలు కర్ణాటక రాగాల్లో, తాళాల్లో ఉంటాయి. అవి శ్రద్ధగా నేర్చుకున్న పిల్లకు శ్రుతి అంటే ఏమిటో, తాళం ఎక్కడ పడాలో తెలుస్తుంది. ఆ జ్ఞానానికి మతం లేదు. తోలుబొమ్మ మన పక్కూరిది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో ఇంకా చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన జిల్లా పిల్లలకు ఆ పేరు తెలియకపోతే తప్పు మనది.

ఇక గంటల లెక్క. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు అని ఉంది. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. మీ బడి తొమ్మిదికి మొదలై నాలుగు దాకా నడుస్తుంది. చదువుకు సమయం చాలట్లేదనే మాట నిలబడదు. వంద మంది దాటిన ప్రాథమికోన్నత బడిలో చిత్రకళకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని కూడా అదే షెడ్యూలు చెప్తుంది.

రామ్‌నగర్_వాసి:
2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని చెప్పింది సార్. మీ లెక్క ఈ బడికి చెల్లదు. సంతకం సంగతి మాత్రం చెల్లుతుంది.

పాత_పీటీ_సార్:
చట్టం వర్తించకపోతే పిల్లల వయసు మారుతుందా నాయనా? పన్నెండేళ్ళ పిల్లాడు ఏ బడిలో కూర్చున్నా పన్నెండేళ్ళవాడే. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా చేతిపని నేర్పమంది.

నా సర్వీసంతా పరీక్షల నెల రాగానే నా పీరియడు లెక్కల సారుకు పోయేది. ఒక పిల్లాడు చెప్పుల్లేకుండా మా గ్రౌండు చుట్టూ ఎంత బాగా పరిగెత్తేవాడో. ఎఫ్‌ఏ పరీక్షల్లో మార్కులు తక్కువని వాణ్ణి గ్రౌండుకు పంపలేదు. వాడికి లెక్కలూ రాలేదు, పరుగూ పోయింది. ఇదే ఊర్లో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో 2010 నుంచి టెన్నిస్ ఆటగాడు నదాల్ పేరున టెన్నిస్ బడి నడుస్తోంది. పేద పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతున్నారు. ఆట నేర్పితే చదువు పోతుందని వాళ్ళు అనుకోలేదు.

క్లాక్‌టవర్_నాన్న:
సార్, మీ మీద గౌరవం ఉంది. కానీ ఆర్డీటీ ఫీజు తీసుకోదు. నేను కడుతున్నాను. కీబోర్డుకు వేరే ఫీజు కూడా అడుగుతున్నారు. కట్టేవాడికి ఏం కావాలో అడిగే హక్కు లేదా?

జీసస్‌నగర్_బ్రదర్:
ఫీజు కడితే వాక్యం కూడా అడగొచ్చు కదా మేము?

వేరుశనగ_రైతు:
ఫీజులు తగ్గించమని అడగండి ముందు.

ఆరో_తరగతి_అమ్మ:
మా పాప సంగతి చెప్తాను. మాట్లాడేటప్పుడు తడబడుతుంది. క్లాసులో నిలబెట్టి చదవమంటే ఏడ్చేది. తోలుబొమ్మల క్లాసులో తోలుకు బదులు మందం అట్ట ఇచ్చారు. బొమ్మ గీసి, చిన్న ఉలితో చుక్కలు కొట్టి, రంగులేసి, కీళ్ళ దగ్గర దారంతో ముడేసి, వెదురు పుల్ల కట్టారు. తెల్ల గుడ్డ వెనక లైటు పెట్టి, బైబిల్లోని మంచి సమరయుని కథ ఒకసారి, రామాయణంలో ఘట్టం ఒకసారి ఆడించారు. తెర వెనక నిలబడితే తనను ఎవరూ చూడరు కాబట్టి మా పాప డైలాగులు గట్టిగా చెప్పింది. నేను ముందు వరుసలో కూర్చున్నా ఆ గొంతు ఎవరిదో నాకే తెలియలేదు. ఆ వారం తర్వాత తెలుగు వాచకం మా ఆయనకు పైకి చదివి వినిపించింది. ఇది ఏ ఫౌండేషన్ ఇస్తుంది?

క్లాక్‌టవర్_నాన్న:
సంతోషం. అది మీ పాపకు అవసరం. చదవలేని పిల్లలకు బొమ్మలు ఆడించుకోండి, ఎవరొద్దన్నారు? చదివే పిల్లల్ని కూడా వాళ్ళతో కట్టేసి ఎందుకు కూర్చోబెడతారు?

ఆరో_తరగతి_అమ్మ:
చదవలేని పిల్లలా? నా బిడ్డ గురించి ఇలా రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?

చిత్రావతి:
అన్నా, ఆ మాట తప్పు.

మోడరేటర్:
ఇతరుల పిల్లల గురించి వ్యాఖ్యలు వద్దు. ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాం.

ఆరో_తరగతి_అమ్మ:
మూసెయ్యకండి, ఇప్పుడే అసలు మాట బయటికి వచ్చింది. ఆ అర్జీ నేను చదివాను. మొదటి పేజీలో ఎన్‌రిచ్‌మెంట్ తీసెయ్యమని ఉంది. రెండో పేజీలో స్క్రీనింగ్ టెస్టు పెట్టి సెక్షన్లు చెయ్యమని ఉంది. అది ఇక్కడ ఎవరికీ చెప్పలేదు మీరు. మా అక్క కూతురు చదివిన చోట అలాగే చేశారు. ‘ఎ’ సెక్షన్‌కు మంచి సార్లు, ‘సి’ సెక్షన్‌కు రోజుకొక కొత్త సారు. ఎనిమిదికి వచ్చేసరికి ఆ పిల్లే నాకు రాదు పిన్నీ అనేది, ఎవరూ అననక్కర్లేదు. మంగళ, గురువారాల్లో ఫస్టు ర్యాంకు పిల్లాడు, మా పాప ఒకే బొమ్మకు రంగులేస్తారు. ఆ బడిలో వాళ్ళు కలిసి కూర్చునేది ఆ నాలుగు పీరియడ్లే. మీరు తీసెయ్యమంటున్నది దాన్ని.

క్లాక్‌టవర్_నాన్న:
చెప్తాను వినండి. మా నాయన బోర్డులు రాసేవాడు. సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ దాకా సగం షాపుల పేర్లు ఆయన చేతివే. అక్షరం రాస్తే కళ్ళకు అద్దుకునేవాళ్ళు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. రెండేళ్ళలో పని పోయింది. బ్రష్షులు పట్టిన చేతులతో లాడ్జిలో రాత్రి వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. నేనూ బాగా గీసేవాణ్ణి. బడిలో అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ లెక్కలు చెప్పలేదు. ఇప్పుడు మెడికల్ షాపులో జీతానికి ఉన్నాను. నిమ్మలకుంటలో ఒకాయనకు పద్మశ్రీ వచ్చింది, మంచిది. ఆట చూసేవాళ్ళు లేక మిగతా ఇళ్ళవాళ్ళు ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. కళ గొప్పదని మీరు నాకు చెప్పనక్కర్లేదు మేడం. మావాడు డ్రాయింగ్ తీసుకున్నాడు. ఇంట్లో గోడ మీద వాడు గీసింది చూస్తే నాకు భయమేస్తుంది, అచ్చం మా నాయన చెయ్యి.

పాత_పీటీ_సార్:
మీ నాయన పని పోవడానికి డ్రాయింగ్ కారణం కాదు నాయనా.

క్లాక్‌టవర్_నాన్న:
కావచ్చు సార్. కానీ ఆ రోజు ఇంట్లో ఇంకో దారి లేదు. మావాడికి ఉండాలి.

ఆరో_తరగతి_అమ్మ:
మీ బాధ అర్థమైంది. దానికి మా పాప ‘సి’ సెక్షన్‌కు పోవాలా? ఫౌండేషన్ కావాలంటే సాయంత్రం నాలుగు తర్వాత పెట్టమనండి, ఇష్టమున్నవాళ్ళు ఉంటారు. నేనూ సంతకం పెడతాను. రెండో పేజీ తీసెయ్యండి.

క్లాక్‌టవర్_నాన్న:
టెస్టు లేకుండా ఫౌండేషన్ చెప్పే సారు దొరకడు. అందరినీ కలిపి కూర్చోబెడితే ఎవరికీ అందదు. రెండో పేజీ ఉంటుంది.

రామ్‌నగర్_వాసి:
ఆ పేజీలోనే సమ్మతి పత్రం గురించి కూడా ఒక వాక్యం రాయండి.

ఆరో_తరగతి_అమ్మ:
అయితే శనివారం పదిన్నరకు అందరి ముందు ఆ పేజీ చదివి వినిపిస్తాను. ‘సి’ సెక్షన్‌కు ఎవరి పిల్లలు పోతారో చేతులెత్తమని అడుగుతాను. అప్పుడు హెచ్‌ఎం గారు ఏమంటారో చూద్దాం.