తెలంగాణ శకుంతల గారి చిన్న పాత్రలు ఎక్కడ దొరుకుతాయి?

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయనమ్మకు తెలంగాణ శకుంతల గారంటే ప్రాణం. పుట్టింది మహారాష్ట్రలో అయినా మన యాసను ఎంత నిండుగా పలికేవారో! 2014 జూన్‌లో ఆమె పోయారని టీవీలో రాగానే నాయనమ్మ తింటున్న పళ్లెం పక్కకు జరిపి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

‘మాభూమి’, ‘నువ్వు నేను’ చూపించాను. ‘ఒక్కడు’లో సీమ యాస విని, "గీమె మన శకుంతలేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు నాయనమ్మకు చూపు మందగించింది, గొంతు వింటే మాత్రం గుర్తుపడుతుంది. శకుంతల గారు మన యాసలో మాట్లాడిన చిన్న పాత్రలు, నాటకాల రికార్డింగులు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి అన్నా, అక్కా. ఆడియో ఉన్నా చాలు.