ఎలక్ట్రిక్ ఆటో చప్పుడు కొలుద్దామంటే కప్పల బెకబెకలే ఎక్కువ

హన్మకొండ వడ్డేపల్లి చెరువు పక్క రోడ్డు మీద ఎలక్ట్రిక్ ఆటో చప్పుడు కొలుస్తున్నాను. మైకు ఆటో వెళ్లే దారి మధ్య నుంచి 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తున ఉంది. సెట్టింగ్ ఏ-వెయిటింగ్ (మనిషి చెవికి వినిపించే తీరులో కొలిచేది), ఫాస్ట్ (చప్పుడు మార్పును త్వరగా పట్టేది). 40 కి.మీ. వేగంలో ఇబ్బంది లేదు, టైర్ల రొద బాగానే దొరుకుతోంది. 20కి తగ్గితే మాత్రం మీటరు 58 డెసిబెల్స్ చూపిస్తోంది, అసలు ఆటో లేనప్పుడే 54! కనీసం 10 తేడా ఉండాలి కదా.

94 డెసిబెల్స్ కాలిబ్రేటర్‌తో (కచ్చితంగా అంత చప్పుడే చేసే పరికరం) మీటరును సరిచూశాను, మైకుకు స్పాంజి తొడుగు వేశాను, తెల్లవారుజామున 4 గంటలకూ వెళ్లాను. అప్పుడు కప్పలు (పాలవాళ్ల బండ్లు వేరే). 58లోంచి 54ను మామూలు తీసివేతలా కాక శబ్దశక్తి లెక్కన తీసేస్తే ఆటోది 55.8 వస్తోంది గానీ, దాన్ని నమ్మి నా చప్పుడు లెక్కల మోడల్‌లో వేయలేను.

మైకును 3.75 మీటర్లకు జరిపి, వచ్చిన రీడింగ్‌లోంచి 6 డెసిబెల్స్ (దూరం సగమైతే అంత పెరుగుతుందన్న లెక్కన) తీసేసి 7.5 మీటర్ల విలువగా వాడుకోవచ్చా?