ఇంజన్ వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, ఏం చూడాలి?

అన్నలూ, మాది నాన్న కొన్న పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్, మూడు సిలిండర్లది. పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ మీటరు ముల్లు పచ్చ గీత మీదే నిలబడుతుంది. దమ్ములో గంట తిరిగాక స్లోలో పెడితే మెల్లగా ఎర్ర గీతలోకి జారిపోతోంది. రేస్ ఇస్తే మళ్లీ లేస్తుంది. 20డబ్ల్యూ-40 ఆయిల్, ఫిల్టర్ ఈమధ్యే మార్చాను. లెవెల్ సరిగ్గానే ఉంది, ఆయిల్‌లో డీజిల్ వాసన కూడా లేదు.

ఒక మెకానిక్ బేరింగులు అరిగాయి, క్రాంక్ గ్రైండింగ్ (క్రాంక్ షాఫ్ట్‌ను సానబట్టడం) చేయించాలి అంటున్నాడు. ఇంకొకాయన రిలీఫ్ వాల్వ్ (ఆయిల్ ప్రెషర్ ఎక్కువైతే వదిలేసే వాల్వ్) స్ప్రింగ్ మార్చమంటున్నాడు. స్ప్రింగే బలం తగ్గితే చల్లగా ఉన్నప్పుడూ ప్రెషర్ తగ్గాలి కదా? ముందు వేరే మీటరు బిగించి చూడాలా, నేరుగా ఇంజన్ కింది ఆయిల్ సంపు దించాలా? ఇంకా రెండెకరాల దమ్ము మిగిలి ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. అప్పటిదాకా నడపొచ్చా?